రాగి తీగలో అతుకు

నా చిన్నప్పుడు, చెప్పవలసిన చోట ఒక మాట చెప్పకుండా ఊరుకున్నాను. అదేం పెద్ద మాట కాదు. "నేనే చేసినా" అనాలి, అంతే. అది నా నోటి నుంచి రాకపోవడం వల్ల మా పక్కింటి అక్క ధర్మవరం విడిచి వెళ్లిపోయింది. ఆ సంగతి తెలిసినవాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. కాని చాలా ఏళ్లు వాళ్లకు తెలిసింది నిజం కాదు. జరిగిందేమిటో అన్నాళ్లూ నాకూ అక్కకూ మాత్రమే తెలుసు. నాకూ యాభై దాటాయి. ఇంకెవరి దగ్గరా దాచిపెట్టడం మర్యాద కాదు.

అరవైల మొదట్లో మాట. మాది పట్టుచీరలు నేసే వీధి. మా నాయన, చిన్నాయన ఇద్దరూ మగ్గం మీద కూర్చునేవాళ్లు. నాయనకు మగ్గమే లోకం. చిన్నాయన మనసు మాత్రం ఎప్పుడూ గోడకు తగిలించిన గిటారు మీద ఉండేది. ధర్మవరం జంక్షన్‌లో పనిచేసిన రైలు గార్డు ఒకాయన, బదిలీ మీద పోతూ పోతూ ఆ హవాయి గిటారును ఆయనకు ఇచ్చిపోయాడు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగెల మీద ఇనుప కడ్డీని జారుస్తూ వాయించే గిటారు అది. ఇంట్లో వాయిస్తుంటే ఎవరో దూరం నుంచి పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఉండేది. పేక పోగు వేస్తున్న నాయన కూడా ఒక్కోసారి చెయ్యి ఆపి వినేవాడు. ఆ మాట అడిగితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

పెనుకొండలో ఒక నాటకాల జట్టు ఉండేది. అందులో చేరాలని చిన్నాయన కోరిక. కాని అక్కడ హార్మోనియం, డోలు, పైన మైకులో పద్యాలు. వాటి మధ్య ఈ గిటారు ఎవరికి వినపడుతుంది? జట్టు పెద్ద ఒకరోజు ముఖం మీదే అనేశాడట: "ఏమప్పా, నీవు వాయిస్తాండావో, గోక్కుంటాండావో మాకి తెలియడంలే. మైకులో వినపడేట్ల చేసుకొని రా, అప్పుడు మాట్లాడదాం."

అప్పటి నుంచి చిన్నాయనకు తిండి సయించలేదు. హిందూపురంలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయనను పట్టుకున్నాడు. ఉపాయం ఆయనే చెప్పాడు. తీగెల కింద ఒక అయస్కాంతం పెట్టాలి. దాని చుట్టూ రాగి తీగ చుట్టాలి. పైన ఉక్కు తీగె అదిరితే ఆ అదురు రాగి తీగలో కరెంటుగా మారి, మైకుసెట్టు పెట్టెలోకి పోయి, హారనులో గట్టిగా పలుకుతుంది. దాన్ని పికప్పు అంటారు. పట్నంలో కొనుక్కోవచ్చు గాని అది మా ఇళ్లలో అనుకునే మాట కాదు.

మొదట చిన్నాయన తానే ఒకటి చుట్టాడు. అంగట్లో దొరికిన లావు తీగను అగ్గిపెట్టె మీద చుట్టి హిందూపురం తీసుకుపోతే, ఆ పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావికి చేదతాడు చుట్టుకొస్తివేమప్పా?" అని నవ్వాడట. తీగ తల వెంట్రుక కన్నా సన్నంగా ఉండాలి. చుట్టు పక్కన చుట్టు ఒదిగి, వరస మీద వరసగా వేల చుట్లు పడాలి. బిగించి లాగితే తెగుతుంది, వదిలేస్తే జారుతుంది. "దుడ్లు పెడితే వచ్చేది కాదు, చేతిలో ఉండాల" అని చెప్పి, పాడైన రేడియోలో నుంచి సన్నటి తీగచుట్ట ఒకటి, వేలెడంత అయస్కాంతం ఒకటి చేతిలో పెట్టాడు. అటువంటి తీగ తన దగ్గర మరొకటి లేదని కూడా చెప్పాడు.

చిన్నాయన మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె ఒకటి విరిగితే, దాని ముక్కను చెక్కి, మధ్యలో అయస్కాంతం పట్టేలా తీగ చుట్టేందుకు చిన్న కండె తయారుచేశాడు. చుట్టడానికి కూర్చుంటే మాత్రం ఆయన వేళ్లకు ఆ తీగ దొరకనే లేదు. అప్పుడు మా అవ్వే అంది: "అంత సన్నం పోగు చుట్టేకి ఈ వీధిలో ఒకటే చెయ్యి ఉండాదిరా. పో, పక్కింట్లో అడుగు."

పక్కింటి అక్కకు అప్పటికి ఇరవై ఏళ్లు నిండాయో లేదో. పెళ్లైన ఏడాదికే భర్త పోతే, తల్లి దగ్గరికి వచ్చేసింది. తల్లికి ఉబ్బసం. ఇద్దరూ పట్టు చుట్టి బతికేవాళ్లు. ఆమె చుట్టిన కండె నాడెలో పెడితే పోగు నీళ్లు జారినట్టు వచ్చేదని నాయన అనేవాడు. అయినా పెళ్లి చీరల పట్టు ఆమె చేతికి ఇవ్వడానికి కొందరు సాహుకార్లు వెనకాడేవారు. భర్త పోయిన మనిషి చెయ్యి తగిలిన పట్టు పెళ్లికూతురి మీదికి పోకూడదని. కాని చుట్టడంలో ఆమెకు సాటి లేరు గనక, తెలిసీ తెలియనట్టు ఇచ్చేవాళ్లు. ఆ ఇంట్లో పొయ్యి మండేది వాళ్ల ఆ తెలియనట్టు ఉండటం మీదే.

చిన్నాయన వెళ్లి అడిగితే ఆమె నవ్వింది. "గిటారుకి చీర నేస్తాండావా అన్నా?" అంది. కండెను రాట్నం కదురుకు బిగించి, ఎడమచేత్తో మెల్లగా రాట్నం తిప్పుతూ, కుడిచేతి వేళ్ల మధ్య నుంచి తీగను వదలసాగింది. చిన్నాయన ఒకటే షరతు పెట్టాడు. తీగ తెగితే తనను పిలవాలి. తెగిన తీగను ఏం చేయాలో హిందూపురం పెద్దాయన తనకు చెప్పాడు. తాను వచ్చేవరకు ఎవరూ ముట్టకూడదు.

నేను అక్క పక్కనే కూర్చునేవాణ్ణి. ఆ వారంలోనే నాయన నన్ను బాగా కొట్టాడు. ఆడుకుంటూ పోయి మగ్గం మీద పడుగు చిక్కు పెట్టినందుకు. వీపంతా వాతలు తేలితే, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది అక్కే. రాస్తూ, "దారం చిక్కు తీయొచ్చు గాని, నీ వీపు చిక్కు యాడ తీయాలరా!" అని నవ్వించింది.

రెండో రోజు మధ్యాహ్నం లోపల తల్లికి ఆయాసం వచ్చింది. అక్క లేస్తూ, "తీగ మీద చెయ్యి పెట్టొద్దురా. ఈగ వాలితే తోలు, అంతే" అని లోపలికి పోయింది.

నేను ఈగ కోసం ఎదురు చూశాను. ఈగ రాలేదు. రాట్నం ఎదురుగా ఉంది. ఒక్కసారి తిప్పి చూద్దామనిపించింది. తిప్పాను. తీగ ఎర్రగా మెరుస్తూ కండె మీదికి పోయింది. ఇంకోసారి, కొంచెం జోరుగా. పుటుక్కుమన్న చప్పుడు కూడా రాలేదు. తీగ కొన గాలిలో ఊగుతూ కనిపించింది.

నేసేవాళ్ల ఇళ్లలో పోగు తెగడం వింత కాదు. తెగితే ఏం చేయాలో పిల్లలకు కూడా తెలుసు. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని, రెండు కొనలూ కలిపి మెలి పెడితే అతుకు పడుతుంది. నాయన నాకు అప్పుడప్పుడే నేర్పాడు. నా అతుకు కంటికి ఆనదని నాకు గర్వంగా ఉండేది. పొయ్యి దగ్గరికి పోయి చిటికెడు బూడిద తెచ్చాను. మెలిపెట్టాను. దాని మీద నాలుగు చుట్లు చుట్టాను. అతుకు లోపలికి పోయింది. భయపడ్డాను అని చెబితే అది కూడా అబద్ధమే. ఆ నిమిషాన నేను భయపడలేదు, సంబరపడ్డాను. చిన్నాయన వేళ్లకు దొరకని తీగ నా వేళ్లకు దొరికింది కదా అనుకున్నాను. అక్క వచ్చి, నా వైపు చూసి, "ఈగ వచ్చిందా?" అంది. లేదన్నాను. ఆమె మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

పికప్పు పూర్తయింది. చిన్నాయన దాని మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోసి, గిటారు తీగెల కింద బిగించాడు. మాకు మైకుసెట్టు లేదు గనక సరాసరి పెనుకొండే పోవాలి. నన్ను కూడా రైల్లో తీసుకుపోయాడు. సత్రం ముందర జట్టు వాళ్లంతా ఉన్నారు. వినడానికి జనం కూడా చేరారు. మైకుసెట్టు మనిషి రికార్డులు వేసే పెట్టె తీగను పీకి, ఆ చోట మా గిటారు తీగను పెట్టాడు. చిన్నాయన చొక్కా సర్దుకుని, కళ్లు మూసుకుని, కడ్డీ జార్చాడు.

హారనులో గుయ్‌మని రొద తప్ప ఏమీ రాలేదు.

మళ్లీ మీటాడు. మళ్లీ అంతే. ఎవరో, "గిటారు మౌనవ్రతం పట్టిందిలే అప్పా, పండ్లు ఫలాలు పెట్టు!" అన్నారు. జనం గొల్లుమన్నారు. జట్టు పెద్ద నవ్వలేదు గాని, "ఇంగ పోయి మగ్గం చూసుకో అబ్బీ" అన్నాడు. అది నవ్వు కన్నా ఎక్కువగా తగిలింది. తిరుగు రైల్లో చిన్నాయన ధర్మవరం దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. నాకు అప్పుడే అతుకు గుర్తొచ్చింది.

మేము ఇల్లు చేరేలోపే మాట వీధిలో చేరింది. "ఆ అమ్మి చెయ్యి పడినాక పలుకుతాదా?" అని ఒకరు. "రాగే మూగబోయిందంటే ఇంగ పట్టు సంగతేమి?" అని ఇంకొకరు. చుట్టించమని చెప్పిన మా అవ్వ కూడా, "నాకి అప్పుడే మనసులో అనిపించింది" అంది. అనిపించలేదని నాకు తెలుసు.

అక్క ఆ మాటలన్నీ విని, మా పంచలోకి వచ్చింది. "కండె ఇట్ల ఇయ్యన్నా, విప్పి చూద్దాం" అంది. మైనం గీకి, తీగ కొన పట్టుకుని, ఖాళీ కండె మీదికి వెనక్కి చుట్టుకుంటూ విప్పసాగింది. చిన్నాయన గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కంటిలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. అవ్వ ఉంది, వీధి ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. నాయన మగ్గం దిగి వచ్చాడు. నేను అవ్వ వెనకాల ఉన్నాను.

చాలాసేపటికి ఆమె వేళ్లు ఆగాయి. తీగను వేలికొసతో తడిమింది. "ఈడ ఒక అతుకుండాది" అంది.

చిన్నాయన వంగి చూశాడు. "అయ్యో, ఇదే! ఈ తీగకి పూత ఉంటాది. గీకి టంకం పెట్టకుంటే కరెంటు దాటదు, ముందుకి పోదు. ఎవరేసినారు ఈ అతుకు?"

అక్క తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. అడుగుతున్నట్టు కూడా కాదు. కిందపడిన పిల్లవాడు తానే లేస్తాడేమో అని తల్లి ఆగి చూస్తుందే, అట్లా చూసింది. నాయన చేతిలో మగ్గం కర్ర ఉంది. నేను అవ్వ వెనక్కి ఇంకా జరిగాను. ఆమె ఇంకా కాసేపు ఆగింది. తర్వాత తీగ వైపు చూస్తూ, "నేనే అన్నా. తెగితే అలవాటు కొద్దీ అతికేసినా" అంది.

"పిలువమంటి గదమ్మా!" అని చిన్నాయన అరిచాడు. ఆమె తల వంచుకుంది.

ఆ రోజు నాకు దెబ్బలు పడలేదు. అక్కడికక్కడే ఆమె తీగ మళ్లీ చుట్టింది. అతుకు దగ్గర చిన్నాయన బ్లేడుతో పూత గీకి టంకం పెట్టాడు. ఈసారి అవ్వ కొబ్బరికాయ కొట్టింది. పెనుకొండలో హారను పలికింది. సత్రం ముందర జనం లేచి నిలబడ్డారని, జట్టు పెద్ద కౌగిలించుకున్నాడని చిన్నాయన వచ్చి చెప్పాడు. వీధిలో అందరూ ఆయన తెలివిని మెచ్చుకున్నారు, కొబ్బరికాయను మెచ్చుకున్నారు. రెండుసార్లూ చుట్టింది ఒకే చెయ్యి అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పలకనప్పుడు ఆమె చెయ్యి, పలికినప్పుడు మా చిన్నాయన తెలివి.

ఇక సాహుకార్లకు కారణం దొరికింది. చెయ్యి మంచిది కాదన్న మాటకు, చెప్పినట్టు వినదన్న మాట కూడా తోడైంది. మొదట పెళ్లి చీరల పట్టు ఆగింది. తర్వాత మామూలు పట్టు ఆగింది. ఆ ఎండాకాలంలో తల్లీకూతుళ్లు హిందూపురం వెళ్లిపోయారు. అక్కడ పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసే పని దొరికిందట. నేను స్టేషను దాకా మూట మోసుకుపోయాను. రైలు కదిలేముందు అక్క నా తల మీద చెయ్యి పెట్టి, "ఏమన్నా చెప్తావారా?" అంది. "ఏం లేదక్కా" అన్నాను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. చిన్నతనం అనుకోవచ్చు. కాని ఆ తర్వాత నేను పెద్దవాణ్ణయ్యాను. పెళ్లైంది, పిల్లలు పుట్టారు, చీరల వ్యాపారంలో హిందూపురం మీదుగా బెంగళూరుకు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. బస్సు హిందూపురంలో ఆగేది, నేను దిగేవాణ్ణి కాదు. నాయన పోయాడు, అవ్వ పోయింది. నన్ను కొట్టేవాళ్లు ఎవరూ లేరు. చిన్నాయన ముసలివాడై వీధి పిల్లలకు గిటారు నేర్పుతూ, పికప్పు ఎట్లా చుట్టాలో చెప్పినప్పుడల్లా, "పక్కింట్లో ఒకమ్మి ఉండేది, బూడిద పెట్టి రాగి తీగ అతికింది, పిచ్చిది!" అని చెప్పి నవ్వించేవాడు. అక్కడ కూర్చుని నేను కూడా నవ్వేవాణ్ణి. ఇది రాయడానికి అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ఒకరోజు మా మగ్గాల దగ్గర పనిచేసే అమ్మాయి ఒక పోగు చెడగొట్టి, నేను అడగకముందే వచ్చి, "నేనే చెడగొట్టినానన్నా" అంది. చెప్పి, తిట్టు కోసం నిలబడింది. మరునాడు హిందూపురంలో బస్సు దిగాను.

అక్కను కనుక్కోవడం కష్టం కాలేదు. తల్లి ఎప్పుడో పోయింది. ఒక గదిలో ఒంటరిగా ఉంటోంది. ఏళ్ల తరబడి వేడినీళ్లలో నాని ఆమె వేళ్ల చివర్లు తెల్లగా, గీతలు లేకుండా అయిపోయాయి. నన్ను గుర్తుపట్టి, "ఏమబ్బా, ఇంత లావైనావు!" అని నవ్వింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఆమె విని, మంచినీళ్లు ఇచ్చింది.

"తెలుసులేరా. అది మీ నాయన చేతి అతుకు. నేను ఎడమకి మెలిపెడతా, మీ ఇంట్లో కుడికి మెలిపెడతారు. తడిమినప్పుడే తెలిసింది."

"మరి ఏంటికి చెప్పలేదక్కా?"

"నీ వీపు అప్పటికింకా మానలే కదరా." ఖాళీ గ్లాసు అందుకుని మళ్లీ అంది: "పిల్లోడివి, దానికి నేనేమీ అనుకోలే. నా నోటితో నేనే కదా అన్నింది. కానీ మీసాలొచ్చినాక ఏంటికి చెప్పలే నీవు? నేను యాడుండేదీ తెలుసు కదా నీకి?"

తప్పు మన్నించమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకి చెప్పేది ఏముండాదిరా, నాకి తెలిసిందే. నా చెయ్యి మంచిది కాదనుకుంటాండారే, వాళ్లకి చెప్పు."

"వస్తావా అక్కా, నాతో?"

"నీతో వస్తే దావలో ఏం తెంచుతావో!" అంది. అంటూనే లేచి, పెట్టెలోంచి మంచి చీర తీసింది.

మా వీధిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. చిన్నాయన అరుగు మీద పిల్లలకు పాఠం చెబుతున్నాడు. ఆనాటి ఆడవాళ్లలో మిగిలినవాళ్లను, కబురు పెట్టి నేనే పిలిపించాను. ఇప్పటి సాహుకార్లలో ఇద్దరు కూడా వచ్చారు. చిన్నాయన చూపు ఆనక, "ఎవరప్పా ఆయమ్మ?" అని అడిగాడు. అక్క ఆనాటిలాగే నా వైపు చూసింది. కాని ఈసారి ఆమె నా బదులు మాట్లాడబోవడం లేదని నాకు తెలుసు.

అందరూ వినేటట్టు చెప్పాను. "ఆ పొద్దు రాట్నం తిప్పి రాగి తీగ తెంపింది నేను. బూడిద పెట్టి అతికింది నేను. ఈమె లోపల వాళ్లమ్మకి మందిస్తాండె, ఈమెకి తెలియనే తెలియదు. నన్ను కొడతారని తన మీద వేసుకుంది. ఈమె చేతిలో ఏ దోషమూ లేదు, ఎప్పుడూ లేదు. తెలిసి కూడా ఇన్నేళ్లు నోరు మూసుకొని, మీతోపాటు నవ్వినా. అక్కా, నీ బతుకు ఈ వీధిలో లేకుండా చేసింది నేనే. నన్ను క్షమించు."